కుర్దు తల్లి మాట చెప్పిన టీచరమ్మ

మా ఎదురింటి టీచరమ్మ పోయారన్న కబురు పాల ప్యాకెట్లు వేసే ఆమె మోసుకొచ్చింది. "అమ్మా, టీచరమ్మ తలుపు తీస్తలేదు. ఎంత పిలిచినా పలుకుతలేదు. జెర మీరొచ్చి చూడండ్రి" అంది. పొయ్యి మీద చాయ్ అట్లాగే వదిలేసి పరిగెత్తాను. కిటికీలోంచి చూస్తే కుర్చీలో కూర్చునే ఉన్నారు. ఒళ్లో బైబిలు, ముక్కు మీద కళ్లజోడు. ఇంకోసారి పిలిస్తే "ఆఁ, వస్తున్నా" అంటారనే అనిపించింది. మా ఆయన గడియ ఊడగొట్టి లోపలికి వెళ్లేసరికి ఆమె చేతులు చల్లబడిపోయాయి. డాక్టరు వచ్చి, గుండె ఆగిపోయింది, బాధపడి ఉండరు అన్నాడు. ఎవరు పోయినా ఈ మాటే అంటారు. అయినా వింటే కాస్త ఊరటగానే ఉంటుంది.

ఆమె పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. మల్కాజ్‌గిరిలో మా కాలనీ దాటితే, చర్చీలకు వెళ్లేవాళ్లకు తప్ప ఆమె ఎవరో తెలియదు. కానీ ఆమె నోట విన్న ఒక్క మాట మీద నేను నా బిడ్డను మిలిటరీకి పంపాను. ఆ మాట సంగతి ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

టీచరమ్మ మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వాళ్లది గుంటూరు వైపు కుటుంబం, తండ్రి కాలంలోనే సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక ఆమెకు మిగిలిన పని తర్జుమా. మీరెప్పుడైనా క్రైస్తవ కూడికలకు వెళ్లి ఉంటే ఈ పని చూసే ఉంటారు. ఎక్కడినుంచో వచ్చిన బోధకుడు ఇంగ్లీషులో ఒక వాక్యం అంటాడు. పక్కన నిలబడ్డ మనిషి దాన్నే తెలుగులో అంటుంది. ఆయన చెయ్యెత్తితే ఈమె కూడా చెయ్యెత్తాలి, ఆయన గొంతు పెంచితే ఈమె కూడా పెంచాలి. ఆయన "నేను పాపిని" అంటే ఈమె కూడా "నేను పాపిని" అనాలి తప్ప, "ఈయన పాపినంటున్నాడు" అనకూడదు. అది ఆ పనికున్న మర్యాద. టీచరమ్మ ఎప్పుడూ బోధకుడికి ఎడమ పక్కన, అరడుగు వెనక నిలబడేవారు.

మేము హిందువులం, అయినా ఆమె తర్జుమా ఉన్న రోజున నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చునేదాన్ని. నిజం చెప్పొద్దూ, మా టీవీ సీరియళ్ల కన్నా ఆమె నయం. ఒకసారి చలిదేశం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. తన గుమ్మం ముందు పేరుకుపోయిన మంచును పారతో ఎత్తిపోయడం గురించి చెబుతూనే ఉన్నాడు, ఆపడే! జనం ఆవలిస్తున్నారు. టీచరమ్మ చీర కొంగు సర్దుకుని, ఆ మంచును తీసుకెళ్లి మా నల్లా నీళ్లలో కలిపేశారు. నీళ్లు వదలని రోజు, బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు, పక్కింటామె తన నీళ్లలోంచి సగం వంచడం. ఆడవాళ్లంతా తలలూపారు, ఇద్దరు ముగ్గురు కళ్లు కూడా తుడుచుకున్నారు. ఆ పెద్దమనిషి తన మంచుకే ఇంత కరిగిపోయారనుకుని ఇంకాసేపు చెప్పాడు.

"గదేంది టీచరమ్మా, ఆయన చెప్పింది ఒకటి, మీరు చెప్పింది ఒకటి!" అన్నాను ఇంటికొస్తూ.

"ఆయన మనసులో ఉన్నదే చెప్పానమ్మా. ఆయనకు మాట దొరకలేదు, నాకు దొరికింది" అన్నారు, ఏమీ ఎరగనట్టు.

చాయ్ సాసర్లో పోసుకుని తాగడం ఆమెకు అలవాటు. మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుని, కళ్లజోడు ఒకసారి తీసి పెట్టుకునేవారు. క్రిస్మస్‌కు కేకు మా ఇంటికే ముందు వచ్చేది. బతుకమ్మకు మా సద్దులు ఆమె ఇంటికే ముందు వెళ్లేవి. ఎదుటివాళ్ల సంగతులు ఎన్నైనా వినేవారు కానీ తన సంగతి ఒక్కటి చెప్పేవారు కాదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే ఇంకో సాసరు చాయ్ పోసుకునేవారు. అంత పక్కపక్కనే బతికి కూడా, ఆమె వయసులో ఉన్నప్పుడు ఏమవ్వాలనుకున్నారో నాకు తెలియదు.

ఇక మా అమ్మాయి సంగతి. డిగ్రీ రెండో ఏడులో ఉండగా మిలిటరీ పోలీసులో ఆడపిల్లలను తీసుకుంటున్నారని దానికి తెలిసింది. ఇక పొద్దున్నే లేచి తిరుమలగిరి వైపు పరుగు. పరుగులో గెలిచింది, పరీక్ష గట్టెక్కింది. వాళ్ల నాన్న మౌలాలి రైల్వే షెడ్డులో పనిచేస్తాడు, ఏ సంగతైనా నా నెత్తి మీదే పెడతాడు. "మీ అమ్మ సరే అంటే పో" అన్నాడు. నేను సరే అనలేదు. ఎందుకంటారా? మా చిన్నాయన కొడుకు మిలిటరీలో ఉండేవాడు. వాడు జెండా కప్పిన పెట్టెలో వచ్చిన రోజు నేను మా చిన్నమ్మ పక్కనే ఉన్నాను. ఆమె ఆ పెట్టె మీద చెయ్యి వేసి, "మూత తీయండ్రయ్యా, ఒక్కసారి" అని అడిగింది. తీయలేదు. తీయకూడదన్నారు. అది చూసినదాన్ని నేను బిడ్డను ఎట్లా పంపుతాను?

"పక్కింటోళ్ల కోసం ఏడ్చి నన్ను ఇంట్ల కట్టేస్తావా?" అంది మా అమ్మాయి.

"పక్కింటోళ్లేందే! వాడు నా తమ్ముడు!" అని నేనూ గట్టిగా అరిచాను.

ఆ తర్వాత ఇంట్లో మాటలు లేవు. వండితే తినేది, గిన్నె కడిగి పెట్టేది, నా వైపు చూసేది కాదు. కొలువు ఖాయమైంది, చేరే రోజు దగ్గర పడుతోంది. నేను తట్టుకోలేక టీచరమ్మ దగ్గరికి వెళ్లి, "మీరు జెర చెప్పండ్రి దానికి. మీ మాట వింటది" అని బతిమాలాను. అదే సాయంత్రం మా అమ్మాయి కూడా వెళ్లి, "మీరు జెర అమ్మకు చెప్పండి టీచర్, మీ మాట వింటది" అని అడిగిందట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

టీచరమ్మ నాకేం చెప్పారంటే, "నాకు చెప్పడం రాదమ్మా. ఇంకొకరు చెప్పింది చెప్పడమే వచ్చు." దానికీ అదే జవాబు. నాకు ఒళ్లు మండింది. సాయం అడిగితే తప్పించుకుంటున్నారు అనుకున్నాను.

వాళ్ల చర్చి సంఘం హాల్లో నెలకోసారి సినిమా వేసేవారు. మొదట్లో భక్తి సినిమాలే. తర్వాత టీచరమ్మ పాత విద్యార్థి ఒకతను, సినిమాల ఎడిటింగ్ పని చేసే అతను, రకరకాల దేశాల డాక్యుమెంటరీలు తెచ్చి వేయడం మొదలుపెట్టాడు. కాలనీ ఆడవాళ్లం మతం తేడా లేకుండా వెళ్లేవాళ్లం, చాయ్, మిక్చర్ కూడా ఇస్తారు మరి. తెర మీద అడుగున ఇంగ్లీషు అక్షరాలు పరిగెడతాయి. నేను తెలుగు మీడియం ఇంటర్ దాన్ని, కూడబలుక్కునేలోపు బొమ్మ మారిపోతుంది. మాలాంటి వాళ్ల కోసం టీచరమ్మ తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పేవారు. ఎడమ పక్కనే, అరడుగు వెనకే. తెర మీద మనిషి "నేను" అంటే ఆమె కూడా "నేను" అనేవారు. మాట ఎప్పుడూ బొమ్మకు కొంచెం వెనకబడి వచ్చేది. అక్కడ మనిషి నోరు మూసుకున్నాక ఇక్కడ మాట వినిపించేది. మాకు అది అలవాటైపోయింది.

ఆ నెల సినిమా కుర్దుల మీద. మొదలయ్యే ముందు టీచరమ్మ నాలుగు మాటలు చెప్పారు. కుర్దులని ఒక జనం ఉన్నారని, నాలుగు దేశాల హద్దులు వాళ్ల కొండల మీదుగా పోతాయని, ఏ దేశమూ వాళ్లది కాదని, ఊళ్ల మీదికి హంతకులు వచ్చినప్పుడు మగవాళ్లతో పాటు ఆడపిల్లలు కూడా తుపాకి పట్టారని. మా అమ్మాయి రాలేదు. నేను వెళ్లేముందు, ఇదేదో నన్ను ఒప్పించడానికి వేసిన ఎత్తు అని అనుమానం రాకపోలేదు. అయినా వెళ్లాను. పంతానికే వెళ్లాను, ముందు వరసలో కూర్చున్నాను.

యుద్ధం చూపిస్తారనుకున్నాను. మొదట్లో ఆ పిల్లలు మేజోళ్లు ఉతుక్కుంటున్నారు. ఒకరి జడ ఒకరు వేసుకుంటున్నారు, పూల పూల రుమాళ్లు తలకు చుట్టుకుంటున్నారు. రొట్టె మాడ్చినందుకు ఒక పిల్లను మిగతావాళ్లంతా ఏడిపిస్తున్నారు. "నేను దుష్మన్‌ను చూసి భయపడను గానీ ఈ పొయ్యిని చూస్తే భయం" అన్నారు టీచరమ్మ, ఆ పిల్ల గొంతుతో. హాలంతా నవ్వారు. నా పక్కనున్న ఆమె, "గా పోరి అచ్చం మా అక్క బిడ్డ లెక్కనే ఉంది, చూడు" అంది. చీకటి పడ్డాక వాళ్లంతా చిటికెన వేళ్లు పట్టుకుని వరసగా నిలబడి ఆడారు. తుపాకులు గోడకు ఆనించి ఉన్నాయి. నాకు ఆ తుపాకుల కన్నా ఆ చిటికెన వేళ్లే చూడాలనిపించింది.

రొట్టె మాడ్చిన పిల్ల చనిపోయింది. చావు చూపించలేదు. ఆడే వరసలో ఆమె చోటు ఖాళీగా చూపించారు, అంతే. ఆ తర్వాత ఆమె తల్లి. చిన్న గది, గోడకు పిల్ల ఫొటో, నేల మీద పరుపు. తల్లి చిన్న గాజు గ్లాసులో చాయ్ పోస్తోంది. సినిమా తీసే ఆమె వెనకనుంచి ఏదో అడిగింది. టీచరమ్మ తెలుగులో అన్నారు: "ఇట్లా అవుతుందని ముందే తెలిస్తే ఆపేవారా?"

ఆ తల్లి తెర మీదినుంచి మమ్మల్నే చూసింది. టీచరమ్మ గొంతు సవరించుకుని, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా చెప్పారు.

"ఆపి ఉంటే బతికి ఉండేది. రోజూ ఈ ఇంట్లోనే తిరిగేది. నాకు అన్నం కూడా పెట్టేది. కానీ నా మొహం చూసేది కాదు."

మా ఇంట్లో గిన్నె కడిగి పెట్టి పక్కకు తిరిగిపోయే మా అమ్మాయే కళ్ల ముందు నిలబడింది. ఎక్కడి కుర్దులు, ఎక్కడి మల్కాజ్‌గిరి! పిల్లను పోగొట్టుకున్న తల్లే ఆ మాట అంటే, పిల్ల ఇంకా ఇంట్లో ఉన్న నేను ఏమని కాదనాలి? మిక్చర్ పొట్లం ముట్టుకోకుండా ఇంటికి వచ్చేశాను. మర్నాడు పొద్దున అది బూట్లు తొడుక్కుంటుంటే, "మంచిగ ఉరుకు. మధ్యల వదిలేసి ఇంటికొస్తే ఊరుకోను" అన్నాను. అర్థం కావడానికి దానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక ఒక కాలికి బూటుతోనే వచ్చి నన్ను వాటేసుకుంది.

సికింద్రాబాద్ స్టేషన్‌కు టీచరమ్మ కూడా వచ్చారు. రైలు కదిలింది. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది. నేను ఏదో ఒకటి అనాలి, నోట్లోంచి మాట రాలేదు. నా పక్కన, అరడుగు వెనక నిలబడి టీచరమ్మ గట్టిగా అరిచారు: "నువ్వంటే నాకు గర్వంగా ఉందే! వేళకు తిను! ఫోను చెయ్యి!" ప్లాట్‌ఫారం మీద నలుగురూ తిరిగి చూశారు. నేను ఏడుస్తూనే నవ్వాను. నేను అనాలనుకున్నవి అవే, ఆ వరసలోనే.

టీచరమ్మను మట్టి చేసిన రోజు గుంటూరు నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. పెద్దాయన, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. అందరూ వెళ్లిపోయాక మా ఇంట్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. మా అమ్మాయి మిలిటరీలో ఉందని, రాలేకపోయిందని చెప్పాను.

"మా అక్క కూడా మిలిటరీకి వెళ్లాల్సిందేనమ్మా" అన్నాడు ఆయన. "తెలీదా మీకు? నర్సు ట్రైనింగ్‌కి సెలక్షన్ అయింది. పెట్టె కూడా సర్దుకుంది. మా నాన్న పంపలేదు. గుమ్మంలో అడ్డంగా పడుకున్నాడు, దాటి వెళ్లమన్నాడు. ఆడపిల్ల, ఎట్లా దాటుద్ది? ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన పోయేదాకా ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. అన్నం వండి పెట్టేది, మంచాన పడితే అంతా ఆవిడే చూసింది. కానీ మాట్లాడాల్సొస్తే గోడ వైపు తిరిగి మాట్లాడేది. నేను ఇంట్లో ఉంటే, ‘నాన్నకి మందు వేసుకోమని చెప్పు’ అని నాతో అనేది, ఆయన అక్కడే కూర్చుని ఉన్నా సరే. వాళ్లిద్దరి మధ్యా నేనే తర్జుమా."

ఆయన నవ్వబోయి మానేశాడు. నాకు అప్పటికి అది ఒక ఇంటి బాధగానే వినిపించింది. పాపం టీచరమ్మ అనుకున్నాను, అంతవరకే.

తర్వాతి వారం మా అమ్మాయి సెలవు మీద వచ్చింది. ఎండకు కమిలిపోయి, జుట్టు కత్తిరించుకుని, మనిషి గట్టిపడి వచ్చింది. ఎదురింటి తాళం చూసి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. మర్నాడు మధ్యాహ్నం, "ఆ సినిమా నాక్కూడా చూపియ్యమ్మా. గంత పట్టు పట్టినదానివి అది చూసి ఎట్ల మారినవో నేను సుత చూడాలె" అంది. టీచరమ్మ పాత విద్యార్థికి ఫోన్ చేస్తే ఫైలు పంపాడు. మా టీవీలో పెట్టుకున్నాం. ఈసారి పక్కన టీచరమ్మ లేరు కాబట్టి అడుగునున్న అక్షరాలు చదివి చెప్పే పని మా అమ్మాయిది.

మేజోళ్లు వచ్చాయి, రొట్టె వచ్చింది, చిటికెన వేళ్లు వచ్చాయి. మా అమ్మాయి మధ్యలో చదవడం ఆపి, "మా బ్యారక్‌ల గూడ గిట్లనే, ఒకరి జడ ఒకరు అల్లుకునేటోళ్లం, జుట్టు కట్ చేయకముందు" అంది. ఖాళీ చోటు వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. తల్లి వచ్చింది. చాయ్ గ్లాసు వచ్చింది. వెనకనుంచి గొంతు అడిగింది.

"‘ముందే తెలిస్తే ఆపేవారా’ అని అడుగుతున్నరు" అంది మా అమ్మాయి.

ఆ తల్లి మమ్మల్ని చూసింది. కిటికీ వైపు చూసింది. గ్లాసులో చెంచా తిప్పింది. బొమ్మ మారిపోయింది, కొండలు వచ్చాయి.

"ఏమన్నదే?"

"ఏమీ అనలేదమ్మా."

"మంచిగ చూడవే. అక్షరాలు పోయినయేమో."

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టి, అక్కడే ఆపింది. "అక్షరాలే లేవు. ఆమె నోరు తెరిస్తేనే కద. జవాబు చెప్పలేదు ఆమె. ఎందుకు, టీచర్ ఏమని చెప్పిండ్రు?"

నాకు ముందు కోపం వచ్చింది, దాచిపెట్టడమెందుకు. నా బిడ్డ ప్రాణంతో ముడిపడ్డ మాట. కడుపుకోత తెలిసిన తల్లి అన్నదని నమ్మాను. పెళ్లీ పిల్లలూ లేని మనిషి తన మాటగా చెప్పి ఉంటే, ఈమెకేం తెలుసని తోసిపారేసేదాన్నేమో. ఆమెకూ అది తెలిసే ఉంటుంది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. గోడ వైపు తిరిగి మాట్లాడే ఒక ఆడపిల్ల, ఆ మొహం కోసం చూస్తూ ముసలివాడైపోయిన ఒక తండ్రి గుర్తొచ్చారు. మిలిటరీకి వెళ్లలేకపోయిన ఆ పిల్ల తన సంగతి మా ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పిన ఆ ఒక్కసారీ తనను ఆపిన తండ్రి స్థానంలో నిలబడి, ఆయన అనాల్సిన మాటను ఆయన తరఫున చెప్పింది. తెర మీది తల్లికి మాట దొరకలేదు. టీచరమ్మ దగ్గర అది ఎప్పటినుంచో ఉంది.

"అమ్మా, ఏమన్నరు చెప్పు" అంది మా అమ్మాయి మళ్లీ.

చెప్పాను. ఆ తల్లి అన్నదని కాకుండా, టీచరమ్మ చెప్పే పద్ధతిలో, అది నా మాటే అయినట్టు చెప్పాను. ఆపి ఉంటే రోజూ ఈ ఇంట్లోనే తిరిగేది. నాకు అన్నం కూడా పెట్టేది. కానీ నా మొహం చూసేది కాదు.

మా అమ్మాయి రిమోట్ పక్కన పెట్టేసింది. టీవీలో ఆ తల్లి చెంచా పట్టుకుని అట్లాగే ఆగిపోయి ఉంది. నా బిడ్డ ఆమెను చూడలేదు. పూర్తిగా నా వైపు తిరిగి, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా జరిగి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.